డెల్టిక్ డీజిల్ లోకో: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో 1955లో తయారైన డెల్టిక్ లోకో గురించి, దాన్ని చూసి నిర్మించిన 22 లోకోల పని జీవితం గురించి, వాటిలో మిగిలినవాటిని కాపాడుతున్న తీరు గురించి రైలు అభిమానులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి. తెలుగులో బండిని లాగే వాహనాన్నీ, దాని లోపలి యంత్రాన్నీ రెండింటినీ ఇంజిన్ అనే అంటాం కాబట్టి, గందరగోళం లేకుండా ఇక్కడ వాహనాన్ని లోకో అని, లోపలి యంత్రాన్ని మాత్రమే ఇంజిన్ అని రాశాం.

డెల్టిక్ అనేది లోకో పేరా, ఇంజిన్ పేరా?

మొదట ఇంజిన్ పేరు. సిలిండర్లను తలకిందులైన త్రిభుజం ఆకారంలో అమర్చినందువల్ల గ్రీకు అక్షరం డెల్టాను బట్టి నేపియర్ కంపెనీ దానికి ఆ పేరు పెట్టింది. నేపియర్ అప్పటికే ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ చేతిలో ఉంది. ఆ మాతృసంస్థ 1955లో ప్రెస్టన్‌లోని తన కర్మాగారంలో, ఏ రైల్వే నుంచీ ఆర్డరు లేకుండానే, సొంత ఖర్చుతో రెండు డెల్టిక్ ఇంజిన్లున్న ఒక నమూనా లోకోను తయారు చేసింది. దానికి ముందు ఎంటర్‌ప్రైజ్ అనే పేరు అనుకున్నారు గానీ, మరో తయారీదారు తన చిన్న డీజిల్ లోకోలకు అదే పేరు ప్రకటించడంతో ఆ ఆలోచన మానుకుని, లేత నీలం రంగు వేసిన పక్క పలకల మీద ‘డెల్టిక్’ అని పెద్ద అక్షరాలతో రాయించారు. కంపెనీ రికార్డుల్లో దాన్ని డీపీ-1 అన్నారు. కింద నమూనా లోకోను ఆ పేరుతోనే ప్రస్తావిస్తాం.

రైలు కోసం పుట్టని ఇంజిన్ రైల్లోకి ఎలా వచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపు టార్పెడో పడవలు పెట్రోలుతో నడిచేవి, ఒక్క గుండు తగిలినా తగలబడేవి. తేలికగా ఉండి, ఎక్కువ శక్తినిచ్చే డీజిల్ ఇంజిన్ కావాలని నౌకాదళం కోరగా నేపియర్ ఈ ఇంజిన్‌ను రూపొందించింది. యుద్ధంలో చిక్కిన ఒక జర్మన్ ఈ-బోటులోంచి (వేగంగా పోయే టార్పెడో పడవ) 1952లో మూడు అసలు ఇంజిన్లలో రెంటిని తీసేసి, వాటిలో సగం పరిమాణమే ఉన్న డెల్టిక్‌లను బిగించి పరీక్షించారు. ఆ తర్వాత బ్రిటిష్ గస్తీ పడవలు, మందుపాతరలను ఏరే టన్ తరగతి నౌకలు ఈ ఇంజిన్లతోనే నడిచాయి. ఇంత శక్తి ఇంత చిన్న పెట్టెలో ఇమిడినప్పుడు దాన్ని పట్టాల మీదికి తేవాలన్న ఆలోచన ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ అధిపతి జార్జ్ నెల్సన్‌కు రావడంలో ఆశ్చర్యం లేదు. అయితే పడవలో సుమారు 2,500 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్‌ను లోకోలో 1,650కి తగ్గించారు. గస్తీ పడవ పూర్తి వేగంతో కొద్ది గంటలే పరుగెత్తుతుంది, ఎక్స్‌ప్రెస్ బండి మాత్రం రోజూ నడవాలి కాబట్టి, ఇంజిన్ ఆయుష్షు కోసం శక్తిని కొంత వదులుకోక తప్పలేదు.

త్రిభుజాకారపు ఇంజిన్ అసలు ఎలా పనిచేస్తుంది?

ఇందులో 18 సిలిండర్లు ఉంటాయి, ఒక్కో సిలిండర్‌లో రెండేసి చొప్పున 36 పిస్టన్లు ఉంటాయి. ఒకే సిలిండర్‌లోని రెండు పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి మధ్యలో గాలిని నొక్కుతాయి, అక్కడే డీజిల్ మండి రెండింటినీ వెనక్కి తోస్తుంది. సిలిండర్ హెడ్ లేదు, వాల్వులు లేవు. ఒక చివర పిస్టన్ జరిగి గాలి లోపలికి వచ్చే రంధ్రాలను తెరిస్తే, రెండో చివర పిస్టన్ పొగ బయటికి పోయే రంధ్రాలను తెరుస్తుంది. ఇది టూ-స్ట్రోక్ పద్ధతి కాబట్టి, కాలిన గాలిని ఊడ్చి కొత్త గాలిని నింపే పనిని ఇంజిన్‌తో పాటే తిరిగే బ్లోయర్ చేస్తుంది.

మూడు సిలిండర్లు ఒక త్రిభుజానికి మూడు భుజాలైతే, మూడు మూలల్లో మూడు క్రాంక్‌షాఫ్టులు, అంటే పిస్టన్ల ముందువెనకల కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే కడ్డీలు, ఉంటాయి. ఇలాంటి త్రిభుజాలు ఆరు వరుసగా నిలిస్తే ఒక ఇంజిన్. వినడానికి తేలికే గానీ, రూపకర్తలను చాలాకాలం వేధించిన చిక్కు ఇక్కడే ఉంది. ప్రతి సిలిండర్‌లోనూ పొగ రంధ్రాలు తెరిచే పిస్టన్ రెండో దానికన్నా కొంచెం ముందుండాలి. మూడు క్రాంక్‌షాఫ్టులూ ఒకే దిశలో తిరిగితే ఆ తేడా మూడు భుజాలకూ ఒక్కలా కుదరదు. నౌకాదళానికి చెందిన అడ్మిరల్టీ ఇంజనీరింగ్ లాబొరేటరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్న హెర్బర్ట్ పెన్‌వార్డెన్, ఒక క్రాంక్‌షాఫ్టును మిగతా రెంటికీ వ్యతిరేక దిశలో తిప్పితే సరిపోతుందని సూచించాడు, చిక్కు విడిపోయింది. ఇంత పెద్ద యంత్రానికి ప్రాణం పోసిన ఆలోచన ప్రధాన రూపకర్తల గదిలోంచి కాక డ్రాయింగు బల్ల దగ్గర నుంచి రావడం గుర్తుంచుకోదగ్గ విషయం.

మూడు క్రాంక్‌షాఫ్టుల శక్తినీ సన్నని క్విల్ షాఫ్టుల ద్వారా ఒకే గేర్ల పెట్టెలోకి తెచ్చి, అక్కడి నుంచి జనరేటర్‌ను తిప్పుతారు. జనరేటర్ కరెంటుతో ఇరుసుల మీది ఆరు ట్రాక్షన్ మోటార్లు నడిచి చక్రాలను తిప్పుతాయి. లోకోలో రెండు ఇంజిన్లు, రెండు జనరేటర్లు ఉంటాయి. ఆ జనరేటర్లను సీరీస్‌లో కలిపారు కాబట్టి ఒక ఇంజిన్ ఆగిపోయినా లోకో మునుపటి బలంతోనే లాగుతుంది, వేగం మాత్రం సగానికి పడుతుంది. దారి మధ్యలో బండి నిలిచిపోకుండా గమ్యం చేరడానికి ఈ ఏర్పాటు ఎన్నిసార్లు ఆదుకుందో ఆనాటి డ్రైవర్లకు తెలుసు.

మనకు తెలిసిన లోకోతో పోలిస్తే ఇది ఎంత గొప్పది?

కాజీపేట, గుత్తి షెడ్ల పేర్లు విన్న ప్రతి తెలుగు రైలు అభిమానికీ తెలిసిన డబ్ల్యూడీఎం-2తో పోల్చి చూడవచ్చు. మన రైల్వేలోకి 1962లో వచ్చిన ఆ లోకో బరువు సుమారు 112.8 టన్నులు, దాని 16 సిలిండర్ల ఆల్కో ఇంజిన్ శక్తి 2,600 హార్స్‌పవర్. డీపీ-1 అంతకు ఏడేళ్ల ముందే, సుమారు 108 టన్నుల బరువుతో 3,300 హార్స్‌పవర్ ఇచ్చింది. బ్రిటన్‌లో అదే ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ తయారు చేసిన మరో ఎక్స్‌ప్రెస్ లోకో, తర్వాత క్లాస్ 40గా పేరుపడ్డది, 2,000 హార్స్‌పవర్ కోసం సుమారు 135 టన్నులు మోసేది. అంత బరువు మోయడానికి దానికి ఎనిమిది ఇరుసులు కావలసి వచ్చాయి.

తేడా అంతా ఇంజిన్ వేగంలో ఉంది. ఆల్కో ఇంజిన్ నిమిషానికి వెయ్యి చుట్లతో సాఫీగా తిరిగితే డెల్టిక్ 1,500 చుట్లు తిరుగుతుంది. కానీ శక్తి ఒక్కటే కొలమానం అనుకుంటే పొరపాటు. డబ్ల్యూడీఎం-2లో ఒక సిలిండర్ పాడైతే షెడ్‌లోనే ఆ ఒక్కదాన్ని విప్పి పిస్టన్ మార్చి బండిని పంపేయవచ్చు. మన వేడిలో, దుమ్ములో, మన షెడ్లలో దశాబ్దాల పాటు పనికొచ్చే యంత్రం ఏది అని అడిగితే, డెల్టిక్ మీద ఎంత ఇష్టమున్నా ఆల్కో పేరే చెప్పాలి.

డీపీ-1 ఎక్కడెక్కడ పనిచేసింది?

1955 చివరలో లండన్–లివర్‌పూల్ మార్గంలో మొదలుపెట్టింది. 1956లో, ఎత్తుపల్లాలకు పేరుపడ్డ సెటిల్–కార్లైల్ మార్గంలో కొలతల బోగీ తగిలించి దాని సత్తాను పరీక్షించారు. లండన్–లివర్‌పూల్ బండ్లు నడిచే పశ్చిమ తీర మార్గాన్ని విద్యుదీకరించాలని అప్పటికే నిర్ణయమై ఉండటంతో అక్కడ దానికి భవిష్యత్తు లేకపోయింది. 1959లో లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఉత్తరానికి వెళ్లే తూర్పు తీర మార్గానికి మారింది. 1961 మార్చిలో పని నుంచి తప్పించేసరికి ఆరు లక్షల కిలోమీటర్లకు పైగా నడిచింది. అనుకున్న పని నెరవేరింది, దాని వారసులు అప్పటికే పట్టాలెక్కుతున్నాయి.

ముందు భాగంలో ఆ పొడవాటి ముక్కు, పెద్ద గుండ్రటి దీపపు గూడు ఎందుకు?

కాళ్ల కిందే స్లీపర్లు వేగంగా కదిలిపోతుంటే డ్రైవర్‌కు మత్తు కమ్ముతుందన్న అభిప్రాయం అప్పట్లో ఉండేది. ముక్కు అడ్డుంటే ఆ బాధ ఉండదని అలా కట్టారు. దీపపు గూడు విదేశీ కొనుగోలుదారులను ఆకర్షించడానికి పెట్టింది. ఆర్డర్లు రాలేదు, గూడులో అసలు దీపం ఎన్నడూ వెలగలేదు.

తర్వాత వచ్చిన 22 లోకోలు ఏమి సాధించాయి?

తూర్పు తీర మార్గానికి విద్యుదీకరణ ఇప్పట్లో రాదని తేలాక, అక్కడి రవాణా అధికారి జెరార్డ్ ఫైన్స్ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో బరువైన బండ్లను లాగగల, 3,000 హార్స్‌పవర్ దాటిన లోకోల కోసం పట్టుబట్టాడు. 1958లో ఆర్డరు ఇచ్చారు. 55 ఆవిరి లోకోలు చేసే పనిని 22 డెల్టిక్‌లు చేయాలన్నది లెక్క. న్యూటన్-లె-విల్లోస్‌లోని వల్కన్ ఫౌండ్రీలో తయారై, 1961–62లో ఇవి రంగంలోకి దిగాయి. నమూనా కన్నా తేలికగా, సుమారు 100 టన్నులకు బరువు దిగింది. లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ షెడ్‌కు ఎనిమిది, ఎడిన్‌బరాలోని హేమార్కెట్‌కు ఎనిమిది, గేట్స్‌హెడ్‌కు ఆరు కేటాయించారు. ఫిన్స్‌బరీ పార్క్ లోకోలకు పందెపు గుర్రాల పేర్లు, మిగతావాటికి సైనిక రెజిమెంట్ల పేర్లు పెట్టారు.

1962 వేసవికి కింగ్స్ క్రాస్–ఎడిన్‌బరా మధ్య సుమారు 632 కిలోమీటర్ల ప్రయాణాన్ని ఆరు గంటలకు కుదించారు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్కో లోకో సగటున దాదాపు ముప్పై లక్షల మైళ్లు నడిచింది. లోకోను షెడ్‌లో ఊరికే నిలబెట్టడాన్ని ఆ టైంటేబుల్ ఒప్పుకునేది కాదు.

ఇంజిన్ పాడైతే ఏం చేసేవారు?

డెల్టిక్ కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. సిలిండర్లు, పిస్టన్లు, మూడు క్రాంక్‌షాఫ్టులు అంత బిగువుగా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండటం వల్ల లోకోలో ఉండగా ఇంజిన్ లోపలికి చేయి పెట్టే వీలు లేదు. కాబట్టి పాడైన ఇంజిన్‌ను అక్కడ బాగుచేయడమనే ఆలోచనే మానుకున్నారు. కప్పు పలకలు విప్పి, క్రేనుతో ఇంజిన్‌ను, జనరేటర్‌ను కలిపి పైకి లేపి, సిద్ధంగా ఉంచిన మరో సెట్‌ను దించి లోకోను తిరిగి పనికి పంపేవారు. తీసిన ఇంజిన్ తీరిగ్గా వర్క్‌షాపుకు వెళ్లేది. నౌకాదళం పాటించిన పద్ధతి కూడా ఇదే. మొదటి సంవత్సరాల్లో ఈ మార్పిడి బాధ్యతను ఒప్పందం ప్రకారం తయారీదారే మోశాడు, తర్వాత డాంకాస్టర్ వర్క్‌షాపు ఈ ఇంజిన్లను విప్పి కూర్చడంలో ఆరితేరింది.

జబ్బులు తక్కువేమీ కావు. సిలిండర్ లైనర్లు (సిలిండర్ లోపలి లోహపు గొట్టాలు) తినేసినట్లయి నీరు కారడం, పిస్టన్లు పగలడం, క్విల్ షాఫ్టులు తెగడం తరచుగా జరిగేవి. అయినా బండ్లు నడిచాయంటే అందుకు కారణం షెడ్‌లో ఎప్పుడూ కొన్ని ఇంజిన్లు అదనంగా సిద్ధంగా ఉండటమే. లోకోలు 22 అయినా, వాటిని నడిపింది నిజానికి ఆ అదనపు ఇంజిన్ల నిల్వ అని చెప్పడం సబబు.

ఫొటోల్లో కనిపించే ఆ తెల్లని పొగ మేఘం లోపమా?

లోపమనడం కన్నా స్వభావం అనడం మంచిది. ఇంజిన్ చాలాసేపు నెమ్మదిగా తిరుగుతూ ఉంటే కొంత నూనె రంధ్రాల గుండా పొగ గొట్టపు డ్రమ్ములోకి చేరి అక్కడ నిలుస్తుంది. డ్రైవర్ కంట్రోలర్ తెరిచి శక్తి పెంచగానే వేడి పొగ తగిలి ఆ నూనె ఒక్కసారిగా ఆవిరవుతుంది. స్టేషన్ కప్పు కింద ప్లాట్‌ఫాం కొన్ని క్షణాలు కనపడకుండా పోయేది. అభిమానులకు అదొక పండుగ. నిర్వహణ సిబ్బందికి మాత్రం అది అగ్నిప్రమాదపు బెదురు, ఎందుకంటే ఆ నూనె అప్పుడప్పుడు నిజంగానే అంటుకునేది.

ఇంత సమర్థమైన లోకోలను 1982 నాటికే ఎందుకు తీసేశారు?

1978లో గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే హెచ్‌ఎస్‌టీ (హై స్పీడ్ ట్రెయిన్) డీజిల్ బండ్లు తూర్పు తీర మార్గానికి వచ్చాయి. పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు వాటికి పోగా డెల్టిక్‌లకు యార్క్, హల్ వైపు మధ్యతరహా బండ్లు మిగిలాయి. కేవలం 22 లోకోల కోసం ఇంత ప్రత్యేకమైన ఇంజిన్లను, వాటి పనివాళ్లను పోషించడం రైల్వేకు భారమైంది. 1981 డిసెంబరు 31న అబర్డీన్ నుంచి యార్క్‌కు చివరి సాధారణ బండి నడిచింది. 1982 జనవరి 2న వీడ్కోలు ప్రత్యేక రైలును కింగ్స్ క్రాస్ నుంచి ఎడిన్‌బరాకు టుల్యార్, తిరుగు ప్రయాణంలో రాయల్ స్కాట్స్ గ్రే లాగాయి.

ఎన్ని మిగిలాయి?

నమూనా డీపీ-1 కాక, 22లో ఆరు. రాయల్ స్కాట్స్ గ్రే, కింగ్స్ ఓన్ యార్క్‌షైర్ లైట్ ఇన్‌ఫాంట్రీ, అలిసిడన్, టుల్యార్, గోర్డన్ హైలాండర్, రాయల్ హైలాండ్ ఫ్యూజిలియర్ అనేవి వాటి పేర్లు. రెండోది యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంకు చేరగా, తక్కినవి అభిమానుల సంఘాలు, ప్రైవేటు యజమానుల చేతుల మీదుగా బతికాయి. మిగతా పదహారింటిని డాంకాస్టర్‌లో తుక్కు చేశారు. వాటిలో రెండు లోకోల క్యాబ్‌లు మాత్రం నిలిచి ఉన్నాయి.

డెల్టిక్ ప్రిజర్వేషన్ సొసైటీ అలిసిడన్‌ను, రాయల్ హైలాండ్ ఫ్యూజిలియర్‌ను 1982లోనే కొని, నార్త్ యార్క్‌షైర్ మూర్స్ రైల్వేకు తరలించింది, టుల్యార్‌ను 1986లో చేర్చుకుంది. 2003లో బారో హిల్‌లో తన లోకోల కోసమే షెడ్డు కట్టుకుంది. అభిమానుల చందాలతో నడిచే సంఘానికి ఇది చిన్న విషయం కాదు.

మళ్లీ ప్రధాన మార్గం మీద నడిచాయా?

నడిచాయి, అయితే పద్నాలుగేళ్ల తర్వాత. బ్రిటిష్ రైల్ ఉన్నంతకాలం పదవీ విరమణ చేసిన డీజిల్ లోకోలను తన మార్గాల మీదికి రానివ్వలేదు. ఆవిరి లోకోలకు అనుమతి దొరికిన రోజుల్లోనూ డీజిల్ అభిమానులు చిన్న చిన్న వారసత్వ రైల్వేల మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో తృప్తి పడవలసి వచ్చేది. రైల్వేను ప్రైవేటుపరం చేశాక మార్గాలు ఎవరికైనా అద్దెకు దొరకడంతో, 1996 నవంబరులో రాయల్ స్కాట్స్ గ్రే ప్రయాణికుల రైలుతో తిరిగి వచ్చింది. ప్రైవేటీకరణ మంచిదా చెడ్డదా అన్న వాదన ఎలా ఉన్నా, ఈ ఒక్క మేలు దాని ఖాతాలో వేయక తప్పదు.

2011లో అదే లోకోను ఒక సరకు రవాణా సంస్థ అద్దెకు తీసుకుని, ఉత్తర ఇంగ్లండ్‌లోని అల్యూమినియం కర్మాగారానికి ముడిసరుకు బండ్లను లాగించింది. యాభై ఏళ్ల లోకో వేడుకకు కాక కూలికి పనిచేసింది. గోర్డన్ హైలాండర్‌కు కొంతకాలం ఊదారంగు పూసి తిప్పారు. దాన్ని మెచ్చినవాళ్ల కన్నా నొచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

విడిభాగాలు దొరుకుతాయా? ఎంతకాలం నడపగలరు?

కొత్తవి తయారయ్యే అవకాశం దాదాపు లేదు. రైల్వే వదిలేసిన ఇంజిన్లను, గేర్లను, లైనర్లను సంఘాలు ముందుచూపుతో పోగుచేశాయి. నౌకాదళం నుంచి బయటపడ్డ పడవ రకం ఇంజిన్‌ను కొన్ని మార్పులతో లోకోలో బిగించిన ఉదాహరణ కూడా ఉంది. బ్రిటిష్ నౌకాదళపు హంట్ తరగతి నౌకల్లో తొమ్మిది సిలిండర్ల డెల్టిక్‌లు చాలాకాలం కొనసాగడంతో ఆ పని తెలిసినవాళ్లు పూర్తిగా కనుమరుగు కాలేదు.

నడిపేవాళ్లు పాటించే జాగ్రత్తలు ఇంట్లో పెద్ద వయసువాళ్లను చూసుకున్నట్లే ఉంటాయి. చల్లారిన ఇంజిన్‌ను ఉన్నపళంగా స్టార్ట్ చేయరు. బయటి హీటరుతో శీతలీకరణ నీటిని ముందుగా వేడి చేస్తారు. నూనెకు ఒత్తిడి వచ్చిందని చూసుకున్నాకే తిప్పుతారు. లోహం ఒక్కసారిగా వ్యాకోచిస్తే ముందు దెబ్బతినేది లైనర్లే, అవే ఇప్పుడు అన్నిటికన్నా అరుదైనవి.

డీపీ-1ను ఎందుకు నడపరు?

1963లో దాన్ని లండన్‌లోని సైన్స్ మ్యూజియంకు ఇచ్చారు. సౌత్ కెన్సింగ్టన్ గ్యాలరీలో ముప్పై ఏళ్లు నిలబడి, 1993లో యార్క్‌కు, తర్వాత షిల్డన్‌లోని లోకోమోషన్ మ్యూజియంకు చేరింది. నడిపించమని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కానీ అది ప్రపంచంలో ఒక్కటే ఉన్న వస్తువు, దానిలోని తీగలు, పలకలు, కొలత పరికరాలు 1950ల నాటి ఆలోచనకు సాక్ష్యాలు. నడపాలంటే నేటి భద్రతా నియమాల కోసం వాటిలో చాలా మార్చాలి, మారిస్తే మిగిలేది మరో లోకో. శబ్దం వినాలనుకునేవారికి దాని వారసులు ఉండగా, ఈ ఒక్కదాన్ని కదలనీయకపోవడమే సరైనదని మా అభిప్రాయం.

బేబీ డెల్టిక్ అంటే?

తొమ్మిది సిలిండర్ల డెల్టిక్ ఇంజిన్ ఒక్కటే ఉన్న చిన్న లోకో, 1,100 హార్స్‌పవర్‌ది. 1959లో పది తయారు చేశారు, మొరాయింపులతో విసిగి 1971 నాటికి అన్నిటినీ తీసేశారు. ఒక్కటీ మిగలలేదు. మిగిలిన ఒక ఇంజిన్‌ను ఆధారం చేసుకుని, క్లాస్ 37 అనే మరో రకం డీజిల్ లోకో శరీరాన్ని మార్చి అలాంటిదాన్ని కొత్తగా కట్టే పని బారో హిల్‌లో సాగుతోంది.

భారత్‌తో దీనికి ఏమైనా సంబంధం ఉందా?

డెల్టిక్ ఇంజిన్ ఉన్న లోకో మన పట్టాల మీదికి రాలేదు. తయారీ కర్మాగారంతో మాత్రం పాత చుట్టరికమే. 1853లో బొంబాయి–ఠాణా మధ్య మొదలైన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే తొలి ఆవిరి లోకోలు ఆ వల్కన్ ఫౌండ్రీవే. 1950ల మధ్యలో బొంబాయి ప్రాంతానికి వచ్చిన డబ్ల్యూసీఎం-1 విద్యుత్ లోకోలను కూడా ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ అక్కడే తయారు చేయించింది.

ఇంగ్లండ్ వెళ్తే ఎక్కడ చూడవచ్చు?

డీపీ-1 కోసం డర్హమ్ కౌంటీలోని షిల్డన్‌కు వెళ్లాలి. ప్రిజర్వేషన్ సొసైటీ లోకోల స్థావరం చెస్టర్‌ఫీల్డ్ దగ్గరి బారో హిల్. వాటిలో ఏది నడిచే స్థితిలో ఉందో, ఏది విప్పి ఉందో ఏటా మారుతుంది, మ్యూజియంలు కూడా లోకోలను ఒకచోటి నుంచి మరోచోటికి పంపుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు నిర్వాహకులను అడిగి తెలుసుకోవడం మంచిది. విప్పి ఉన్న రోజు వెళ్లడం నష్టమేమీ కాదు. కప్పు తీసిన లోకో పక్కన నేలమీద ఆ త్రిభుజపు ఇంజిన్‌ను దగ్గరగా చూసే అవకాశం అప్పుడే దొరుకుతుంది.